రోజుకో గ్లాసుడు నీళ్ళు

ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన మనిషిని ఇంట్లో ఊరికే కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు? కూర్చోలేడు. ఉద్యోగం అయిపోయింది, ఖాకీ బట్టలు పెట్టెలోకి వెళ్ళిపోయాయి, కానీ తెల్లవారుజామున నాలుగున్నర మెలకువ మాత్రం డ్రైవర్ని వదిలిపెట్టలేదు. లేచి మంచం అంచున కూర్చుని, కుడికాలితో అక్కడ లేని బ్రేకు తొక్కుతుండేవాడు.

"ఏం, ఏ స్టాపు వచ్చింది?" అనేది పక్కనుంచి భార్య, కళ్ళు తెరవకుండానే. "నిద్ర స్టాపులో దింపండి నన్ను. పడుకోండి."

ఆ ఇంటికి డ్రైవరు కొత్త. ఏడాది క్రితం, యాభై తొమ్మిదో ఏట, పెళ్ళి చేసుకుని వచ్చాడు. ఆవిడ బట్టలు కుడుతుంది. పన్నెండేళ్ళపాటు మూట చంకన పెట్టుకుని ఆయన బస్సే ఎక్కింది. వీధి మలుపులో ఆవిడ కనబడితే చాలు, బండి కదపకుండా అద్దం తుడవడం మొదలుపెట్టేవాడు. "ఆ అద్దం అరిగిపోతుంది గురూ, ఇక బయల్దేరు" అని కండక్టరు వెనకనుంచి ఎగతాళి చేసేవాడు. ఆవిడ భర్త పోయి పదిహేనేళ్ళు, ఈయన భార్య పోయి తొమ్మిదేళ్ళు. ఇద్దరికీ నోరు పెగలడానికి ఇంతకాలం పట్టింది. పెళ్ళి కాగితం మీద సాక్షి సంతకం మొదట పెట్టింది ఎవరనుకున్నారు? ఆవిడ కూతురే.

కూతురు నర్సు. ఇల్లిల్లూ తిరిగి, మంచాన పడ్డవాళ్ళకి కట్లు మారుస్తుంది, సూదిమందు వేస్తుంది, పక్కకి ఒత్తిగిలించి ఒళ్ళు తుడుస్తుంది. వీధిలో అందరికీ నర్సమ్మే. ముప్ఫై దాటింది. పాత కారొకటి, తెల్లది, ముక్కు కాస్త సొట్టపోయింది, కొనుక్కుంది. ఆ కారే ఆ పిల్లకి కాళ్ళు. అది కదిలితేనే పదకొండు ఇళ్ళలో కట్లు మారతాయి.

మంచి పిల్ల. డ్రైవర్ని ఒక్క మాట అని ఎరగదు. అదే వచ్చిన చిక్కు.

తల్లీకూతుళ్ళు పొద్దున్న లేస్తే పోట్లాటే. "అమ్మా, కత్తెర మంచం మీద పెట్టావు, నీకేమన్నా బుద్ధుందా?" "నీ బూట్లు వాకిట్లో పెట్టావు, నేను బొక్కబోర్లా పడితే ఎవరు కట్టు కడతారే?" "నేనే కడతాను, గట్టిగా, నోటికి కూడా!" అంటూ ఒకటే గోల, మధ్యలో ఒకటే నవ్వు. డ్రైవరు గదిలోకి రాగానే నర్సమ్మ గొంతు మారిపోయేది. "రండి. టీ తాగారా అండీ?" అనేది. ఒకసారి ఆ పిల్ల గొడుగు మీద కూర్చుని కడ్డీలు విరగ్గొట్టాడు. "పర్వాలేదండీ, పాతదే" అంది. ఉతికిన తెల్లకోటు మీద నూనె చేత్తో చెయ్యి వేశాడు. "పర్వాలేదండీ." సినిమాహాలు బయట నిలబడి లోపలి పాటలు వినే మనిషికి ఎలా ఉంటుందో, ఆ ఇంట్లో ఆయనకి అలా ఉండేది. టిక్కెట్టు ఎక్కడిస్తారో తెలియదు.

అందుకని ఆయన ఒక పని వెతుక్కున్నాడు.

బస్సు డ్రైవరుకి పొద్దున్నే చేసే మొదటి పని ఏమిటి? బోనెట్టు ఎత్తి రేడియేటర్లో నీళ్ళు పొయ్యడం. ముప్ఫై ఒక్క ఏళ్ళూ అదే చేశాడు. పళ్ళు తోముకోవడం మరిచిన రోజుందేమో గానీ బండికి నీళ్ళు మరిచిన రోజు లేదు. పెళ్ళయిన నాలుగో నెలలో ఒకరోజు, నర్సమ్మ ఇంకా నిద్రలో ఉండగా, మేకుకి తగిలించి ఉన్న తాళంచెవి తీసుకుని వెళ్ళి కారు బోనెట్టు ఎత్తాడు. లోపల ఇంజను పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది, దానిమీద పైనొక గీత, కిందొక గీత. నీరు కింది గీతకి దిగి ఉంది. "అయ్యో తల్లీ, దాహమేస్తోందా" అన్నాడు కారుతో. గ్లాసుతో కుళాయి నీళ్ళు తెచ్చి పై గీతదాకా పోశాడు. మూత బిగించి, చేతులు తుడుచుకుని, చాన్నాళ్ళకి నిండుగా టీ తాగాడు.

మర్నాడు చూస్తే మళ్ళీ కాస్త దిగింది. మళ్ళీ పోశాడు. ఆయన బస్సు రోజుకి బకెట్టు తాగేది, ఏనుగు. ఈ పిల్లి గ్లాసుడు తాగితే వింతేముంది? అలా ఎనిమిది నెలలు, రోజుకో గ్లాసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే "మీకెందుకండీ శ్రమ" అంటుంది నర్సమ్మ. ఆ మాట వినలేక చెప్పలేదు. పొద్దున్నే ఏడింటికి కారు గుర్రుమని వీధి మలుపు తిరుగుతుంటే, వాకిట్లో నిలబడి చూసేవాడు. ఆ ఇంట్లో తన చెయ్యి కూడా ఒకటి తిరుగుతోందని ఆయనకి ఆ ఒక్క క్షణంలోనే అనిపించేది.

అలా ఉండగా డ్రైవరు అక్కకి కంటి ఆపరేషను అయింది. నాలుగు రోజులు తోడుండి రావడానికి వెళ్ళాడు.

అయిదోనాడు తిరిగొచ్చేసరికి వాకిట్లో కారు లేదు. మధ్యాహ్నం మూడింటికి నర్సమ్మ ఇంట్లోనే ఉంది, స్టూలు మీద కాళ్ళు పెట్టుకుని. మడమల మీద బొబ్బలు.

"ఏమైంది?" అన్నాడు గుమ్మంలోనే, సంచి దించకుండా.

భార్య మిషను ఆపి చెప్పింది. "నిన్న నడిరోడ్డు మీద బండి ముక్కులోంచి పొగ వచ్చిందట. ఆపి, మందుల పెట్టె నెత్తిన పెట్టుకున్నంత పనిచేసి, మూడు మైళ్ళు నడిచింది. చివరింటి పెద్దాయన పుండు కట్టు రెండు గంటలు ఆలస్యం. ఆయన పాపం నొప్పికి ఏడుస్తూ కూర్చున్నాడట."

డ్రైవరు సంచి అక్కడే దించి, వాకిట్లో కారుండే చోటు వైపు చూశాడు.

సాయంత్రం నర్సమ్మతో కలిసి తనూ మెకానిక్ షెడ్డుకి వెళ్ళాడు. మెకానిక్ పొట్టిగా, గుండ్రంగా, మాటకి ముందు నవ్వే మనిషి. కారు ముక్కు తెరిచి పెట్టి, పగిలిన రబ్బరు గొట్టాన్ని చూపించాడు.

"ఇదిగో నర్సమ్మా, ఇక్కడ సన్నగా చీలింది. బొట్టు బొట్టు కారి ఏడెనిమిది నెలలు అయి ఉంటుంది. గొట్టం కొత్తది వేసేశాను, అది పెద్ద పనేం కాదు. కానీ లోపల చూడు." వేలు ముంచి తీశాడు. ఇటుక రంగు. "ఇందులో ఉండాల్సింది కూలెంటు. కూలెంటంటే రంగునీళ్ళు కాదమ్మా. ఇంజను వేడికి మరిగిపోకుండా, లోపల తుప్పు పట్టకుండా కాచే మందు. ఇక్కడ మందూ లేదు మాకూ లేదు, అంతా కుళాయి నీళ్ళే. ఎవరో మహానుభావుడు శ్రద్ధగా, రోజూ పోశాడు. పొయ్యకపోతే మొదటి వారంలోనే బండి వేడెక్కి, కారుతోందని నీకు తెలిసిపోయేది. పోశాడు కాబట్టి తెలియలేదు. మొన్నెందుకో పొయ్యడం మానేశాడు. అంతే."

"ఎవరు పోస్తారండీ?" అంది నర్సమ్మ. "నేను బోనెట్టు ఎత్తిందే లేదు."

"నువ్వెత్తకపోతే కారే ఎత్తుకుని తాగిందేమో మరి" అని నవ్వాడు మెకానిక్.

డ్రైవరు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. మెకానిక్ రెండు డబ్బాల కూలెంటు చేతికిచ్చి, ఇప్పటికి నీళ్ళతో నెమ్మదిగా ఇంటికి వెళ్ళండి, నా దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయి, ఇది మీరు ఇంట్లోనే మార్చుకోవచ్చు, అని ఎలా చెయ్యాలో వివరంగా చెప్పాడు. నర్సమ్మ మందుల చీటీ రాసుకున్నట్టు అంతా రాసుకుంది.

ఇంటికి రాగానే డ్రైవరు భార్య దగ్గర కూలబడ్డాడు. "నీళ్ళు పోసింది నేనే" అన్నాడు.

ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ ఆగిపోయింది. "మంచి పనే. అయితే నాకు చెప్పడం దేనికి? కారు నాదా?"

"ఎలా చెప్పను?"

"బస్సులో అరవైమందిని ఎక్కించుకుని లోయ పక్కన నడిపారు కదా, ఆ ధైర్యంతో చెప్పండి."

నర్సమ్మ తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది. డ్రైవరు గుమ్మం పట్టుకుని నిలబడి, మొదటి గ్లాసు నుంచి అన్నీ చెప్పేశాడు. బస్సుకి పోసినట్టే పోశానని, చెప్తే వద్దంటావని చెప్పలేదని, ఆ ముసలాయన నొప్పికి ఏడ్చాడని విన్నప్పట్నించీ ముద్ద దిగడం లేదని. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఇస్త్రీపెట్టె ఒకేచోట రెండుసార్లు పోయి వచ్చింది.

"పర్వాలేదండీ" అంది. "మీరు మంచికే చేశారు."

మర్నాడు నాలుగున్నరకి ఆయన లేచి వాకిట్లోకి వచ్చేసరికి నర్సమ్మ అప్పటికే అక్కడుంది. బోనెట్టు ఎత్తి, డబ్బా మీద గీతలు తనే చూసుకుంటోంది. ఆయన్ని చూసి మర్యాదగా నవ్వింది. "మీరు పడుకోండి. ఇకనుంచి నేను చూసుకుంటానండీ" అని బోనెట్టు మూసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

ఉన్న ఒక్క పనీ పోయింది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటారే, అది ఇలాగే ఉంటుంది కాబోలు. ఆ రోజంతా ఆయన మిషను దగ్గర కూర్చుని రాలిన గుండీలు ఏరాడు. ఏరినవే మళ్ళీ పోసుకుని ఏరాడు.

సెలవురోజు వచ్చింది. పలచని గోడ అవతలనుంచి తల్లీకూతుళ్ళ మాటలు ఆయన చెవిన పడ్డాయి.

"కూలెంటు మారుస్తావటగా. ఆయన్ని కూడా కలుపుకో."

"ఆయనకెందుకమ్మా శ్రమ. నేను చేసుకుంటాను."

"ఆయన్ని అద్దెకి దిగిన మనిషిలా చూస్తున్నావే నువ్వు."

"నేనా? ఆయన్ని నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా?"

"అదే కదా నేననేది! ఏమీ అనవు. పాల మీద మీగడలా పైపైనే ఉంటావు. నాతో అయితే పొద్దున్న లేస్తే యుద్ధం."

నర్సమ్మ గొంతు తగ్గించి, "ఏమన్నా అంటే నొచ్చుకుని వెళ్ళిపోతారేమోనని, అమ్మా. నువ్వు ఇన్నాళ్ళకి నవ్వుతున్నావు" అంది.

గోడకి ఇవతల డ్రైవరు, చేతిలో గుండీలు పట్టుకుని కూర్చున్నాడు.

పది నిమిషాలకి నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కూలెంటు మారుద్దామా అండీ? బండి చల్లగానే ఉంది."

ఆయన లేచిన ఊపుకి గుండీలన్నీ మళ్ళీ నేలపాలయ్యాయి.

పాత దుప్పటి పరిచి కారు కింద దూరాడు. రేడియేటరు అడుగున చిన్న ప్లాస్టిక్ బిరడా ఉంటుంది, దాన్ని తిప్పాలి. నర్సమ్మ వెడల్పాటి తొట్టి అందించి, పైన మూత తీసింది. బుడబుడమంటూ పాత నీళ్ళు దిగాయి, మురిగిన ఇటుక రంగులో.

నర్సమ్మ వంగి చూసింది. "మా పేషెంటుకి గనక ఈ రంగులో వస్తే, పరిగెత్తి డాక్టర్ని పిలుస్తామండీ."

డ్రైవరుకి నవ్వొచ్చి తల కారు అడుగుకి కొట్టుకుంది. ఆ పిల్ల కూడా నవ్వింది గానీ వెంటనే సర్దుకుని "తగిలిందా అండీ?" అంది.

తొట్టి మీద చెక్క మూత పెట్టింది. పాత కూలెంటు ఏ కాస్త మిగిలి ఉన్నా తియ్యగా ఉంటుందట, పిల్లులు నాకితే చచ్చిపోతాయట, షెడ్డుకే తీసుకెళ్ళి ఇవ్వాలట. తర్వాత మంచినీళ్ళు పోసి, ఇంజను కాసేపు నడిపి, చల్లారనిచ్చి, మళ్ళీ దింపారు. రెండోసారి టీ రంగు. మూడోసారి లేత పసుపు. నాలుగోసారికి గాజులా తేటగా వచ్చింది. దాన్నీ చుక్క లేకుండా దించి, బిరడా బిగించి, గరాటు పెట్టి కూలెంటు పొయ్యడం మొదలుపెట్టారు. ఆయన గరాటు పట్టుకున్నాడు, ఆ పిల్ల పోసింది. మంచి గులాబీ రంగు.

భార్య కిటికీలోంచి తొంగి చూసింది. "ఏమర్రా, కారుకి షర్బత్తు పోసి మాకు మంచినీళ్ళా?"

"నువ్వు ముందు ఆ జాకెట్టు చేతులు కుట్టు, నీళ్ళ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు డ్రైవరు. చాన్నాళ్ళకి ఆయన గొంతులో బస్సు హారను మోగింది.

మెకానిక్ చెప్పినట్టే మూత తీసి ఉంచి, హీటరు పూర్తిగా తిప్పి, ఇంజను నడిపారు. లోపల చిక్కుకున్న గాలి బుడగలు బుడగలుగా పైకి వచ్చింది. బుడగ వచ్చినప్పుడల్లా మట్టం కాస్త దిగింది, దిగినప్పుడల్లా కాస్త పోశారు. బుడగలు ఆగాక మూత బిగించి, ఇద్దరూ కారెక్కి నాలుగు వీధులు తిరిగొచ్చారు. వేడి ముల్లు మధ్యలోనే నిలబడింది, అటూ ఇటూ కదల్లేదు. ఇద్దరూ ఒకటికి పదిసార్లు దాన్నే చూశారు.

ఇంటి ముందు ఆపి నర్సమ్మ డబ్బాలు సర్దుతోంది. డ్రైవరు బోనెట్టు ఎత్తాడు. లోపల ఇంకా గాలి మిగిలిందేమోనని అనుమానం. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? తడిగుడ్డ మూత మీద వేసి, ముప్ఫై ఒక్క ఏళ్ళు తిప్పినట్టే, అర తిప్పు తిప్పాడు.

బుస్సుమంది.

"చెయ్యి తియ్యి!"

ఆ కేకకి వీధిలో కాకులు లేచాయి. నర్సమ్మ ఒక్క అంగలో వచ్చి ఆయన మణికట్టు మీద ఛటుక్కున కొట్టింది. గుడ్డ ఎగిరి అవతల పడింది. మూత ఇంకా అర తిప్పులో ఆగి, సన్నగా ఆవిరి చిమ్ముతోంది. ఆ పిల్ల ఆయన్ని చొక్కా పట్టుకుని నాలుగడుగులు వెనక్కి లాగింది.

"బుద్ధుందా నీకు? మరుగుతున్న బండి మూత తీస్తారా ఎవరైనా?"

"బస్సులో ఎప్పుడూ..."

"బస్సూ లేదు గిస్సూ లేదు! మూడో వీధి లారీ ఆయన మొహానికి ఆరు వారాలు నేనే కట్టు కట్టాను, తెలుసా? ఇలాగే, తడిగుడ్డ వేసి, ఇలాగే అర తిప్పు! నీ మొహం అలా అయితే అమ్మకి నేనేం చెప్పాలి? ఎనిమిది నెలలు దొంగచాటుగా నీళ్ళు పోస్తావా? నాతో ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? మూడు మైళ్ళు నడిచాను ఆ పెట్టె మోసుకుని! సబ్బు నీళ్ళలో వదిలేస్తావు, అది ముద్దయిపోతుంది, ఎవరికీ పనికిరాదు. దగ్గొస్తుంటే చన్నీళ్ళ స్నానం చేస్తావు. రాత్రి టీవీ చెవులు చిల్లులు పడేలా పెడతావు, నేను అయిదింటికి లేవాలి..."

"టీవీ పెట్టేది నేను కాదు తల్లీ" అన్నాడు డ్రైవరు. "మీ అమ్మ."

"నన్నిరికించకండి!" అని వినబడింది కిటికీలోంచి. మిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

నర్సమ్మ ఒగరుస్తూ ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం మాట్లాడిందో అప్పుడు తెలిసినట్టుంది, పెదవి కొరుక్కుని ఆయన మొహంలోకి చూసింది, ఇప్పుడే సంచి సర్దుకుంటాడేమో అన్నట్టు.

డ్రైవరు సంచి మాట ఎత్తలేదు. "సబ్బు మాత్రం నిజమే" అన్నాడు. "బస్సు షెడ్డులో సబ్బుపెట్టె ఉండేది కాదు. ఇక మీదట పెట్టెలో పెడతాను."

ఆ పిల్ల ముక్కు ఎగపీల్చింది. ఆయన చెయ్యి లాక్కుని, వెల్లకిలా తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ చూసింది. చూపుడు వేలూ మధ్య వేలూ కొసల్లో ఎర్రగా కందిపోయాయి.

"మంటగా ఉందా?"

"లేదు."

"నిజం చెప్పు."

"కొంచెం."

పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, గట్టుమీద కూర్చోబెట్టి, చేతిని ధార కింద పెట్టింది. కాలిన చెయ్యిని ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ కింద ఉంచాలట. వదిలితే తీసేస్తాడని తనే మణికట్టు పట్టుకుని పక్కన కూర్చుంది. తిట్టడం మాత్రం ఆపలేదు. గొంతు తగ్గించి, గొణుక్కుంటూ, ఒకదాని వెనక ఒకటి, ఏడాదిగా దాచుకున్నవన్నీ బయటపెట్టింది. ఆయన విరగ్గొట్టిన గొడుగు నిజానికి కొత్తదట. కోటు మీది మరక మూడు ఉతుకులకి కూడా పోలేదట. ఆయన ఒక్కోదానికీ "ఊఁ" కొట్టాడు, పాఠం వింటున్నట్టు.

"విను" అంది చివరికి. "రేపట్నించి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, ఆ డబ్బా మీద గీతలు నువ్వు చూడు. కళ్ళతో చూడు. చెయ్యి పెట్టకు. మట్టం దిగితే నన్ను లేపు."

"నువ్వు నిద్రలో ఉంటే?"

"లేపమనే కదా చెప్తున్నాను!"

"నీళ్ళు పోస్తే?"

"పోసి చూడు, చెప్తాను నీ సంగతి."

నర్సమ్మ జేబులోంచి తాళంచెవి తీసి, ఆయన పొడి చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి. నిజానికి వేళ్ళ మంట ఎప్పుడో తగ్గిపోయింది. లోపలనుంచి భార్య ఇద్దరినీ టీకి పిలిచింది. ఎవరూ లేవలేదు.

"ఇంకా మంటగా ఉందా?" అంది నర్సమ్మ.

డ్రైవరు వేళ్ళ కేసి చూసుకుని, కాస్త ఆలోచించాడు.

"ఉంది" అన్నాడు.

ఆ పిల్ల ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. తర్వాత కుళాయి ఇంకాస్త తిప్పి, మణికట్టు మీద పట్టు సడలించకుండా, కాళ్ళు చాపుకుని కూర్చుంది.